వృత్తి విద్య దాచుకొనదగినదేనా?

మన పెద్దలు దానములను నాలుగుగా చెప్పారు. ఆహారదానము, ఔషధదానము, అభయదానము, శాస్త్రదానము. మొదటి మూడింటి విషయములో మన వర్తక కుటుంబములకు ఎవరూ పాఠము చెప్పనక్కరలేదు. ఏ ఊరిలో కాలు పెట్టినా అక్కడ ఒక భోజనశాలకో, ఆసుపత్రిలో ఒక గదికో, గోశాలకో, పావురముల గింజలకో మన చేతి చందా వుండనే వుంటుంది. నాలుగవదాని దగ్గరకు వచ్చేసరికి మాత్రము, ఏ స్తోత్రమో వ్రతకథయో అచ్చు వేయించి గుడిలో పంచిపెట్టి, శాస్త్రదానము ముగిసినదని సరిపెట్టుకుంటున్నాము. అది మంచి పనియే. కాని మన చేతిలో నిజముగా పట్టు వున్న విద్య మరొకటి కలదు. సరకు పరీక్ష, తూకము, ధర కట్టుట, వడ్డీ లెక్క, ఖాతా వ్రాయుట, అప్పు ఎవరికి ఇవ్వవచ్చునో పోల్చుకొనుట. తరతరములుగా మనకు తిండి పెట్టినది ఈ విద్యయే. దీనిని ధర లేకుండా, అడిగిన వారందరికి, మన వారికీ పరులకూ కూడా నేర్పితే అది శాస్త్రదానమా? లేక కూర్చున్న కొమ్మను నరుకుకొనుటయా?

ఈ ప్రశ్న నేను ఊరక కల్పించుకొన్నది కాదు. క్రిందటి సంవత్సరము మన సంఘములో ఒక ప్రతిపాదన వచ్చినది. బంగారు వెండి అంగళ్ళలోనూ, బట్టల అంగళ్ళలోనూ పనికి చేరే పిల్లల కొరకు తెలుగులో ఒక చిన్న పుస్తకము వేయించవలెననీ, దానితోపాటు ఫోనులో వినదగిన పాఠములు కొన్ని చేయించవలెననీ, రెండింటికీ వెల పెట్టరాదనీ. రెండు గంటలు చర్చ జరిగినది, ఏమీ తేలలేదు. వద్దన్నవారిలో నాకంటె నియమముగా సామాయికము చేసేవారు వున్నారు. కాబట్టి వారిని లోభులని త్రోసివేయుటకు వీలులేదు. వారి మాటలను ఒక్కొక్కటిగా తూచి చూడవలసినదే.

ముందు శాస్త్రము సంగతి. తత్త్వార్థసూత్రము ఆరవ అధ్యాయములో జ్ఞానావరణ కర్మ ఆత్మకు ఎట్లా వచ్చి చేరునో చెబుతూ ఆరు కారణములు చెప్పారు. ప్రదోషము, నిహ్నవము, మాత్సర్యము, అంతరాయము, ఆసాదనము, ఉపఘాతము. వీనిలో నిహ్నవము అనగా తెలిసి యుండియు తెలియదని దాచుట. మాత్సర్యము అనగా, నేర్పితే ఇతడు నాతో సమానుడు అగునేమో అని తగినవానికి కూడా నేర్పకుండుట. అంతరాయము అనగా నేర్చుకొనేవానికి అడ్డు తగులుట. అంగడి బల్ల వెనుక కూర్చుని ఈ మాటలు చదివితే, ఇవి అడవిలో ఆశ్రమములో గాక బజారు వీధిలో కూర్చుని వ్రాసినట్లే తోచును. కుర్రవానికి తూకము నేర్పి ధర నేర్పకపోవుట, ధర నేర్పి కొనుగోలు చేసే చోటు చెప్పకపోవుట, అన్నీ చెప్పినట్లే చెప్పి చివరి ముడి తన దగ్గర అట్టిపెట్టుకొనుట మనము ఎరుగనివా?

"అది ఆత్మజ్ఞానమును గురించిన మాట, బంగారమును గురించినది కాదు" అని సంఘములో ఒక పెద్ద మనిషి అన్నారు. నిజమే, సూత్రము చెప్పినది సమ్యక్ జ్ఞానమునకు సంబంధించినదే. అయినను మన పూర్వులు వ్యవహార విద్యను చిన్నచూపు చూడలేదనుటకు రెండు దృష్టాంతములు చెబుతాను. ఒకటి మన తెలుగుతో నేరుగా ముడిపడినది.

9వ శతాబ్దములో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యులు అనే జైన విద్వాంసుడు గణితసార సంగ్రహము వ్రాశారు. ఆ రాజుల రాజధాని మాన్యఖేటము. నేటి కలబురగి జిల్లాలోని మళఖేడ అదియే. మా బళ్ళారి నుండి ఒక పూట ప్రయాణము. ఆ గ్రంథములో త్రైరాశికము వున్నది, వడ్డీ లెక్కలు వున్నవి, వేరువేరు వన్నెల బంగారములు కలిపి కరిగించితే వచ్చే వన్నె ఎంతో కట్టే పద్ధతి వున్నది. 22 కారట్ల పసిడి 10 గ్రాములు, 18 కారట్లది 5 గ్రాములు కలిపి మూసలో వేస్తే ముద్ద ఎన్ని కారట్లని ఈనాడు అడిగినా సూత్రము అదే. 10ని 22తో, 5ను 18తో హెచ్చించి, కూడి, మొత్తము బరువు 15తో భాగించవలెను. 310ని 15తో భాగించగా 20 కారట్ల మీద మూడింట రెండు వంతులు వచ్చును. ఇది మోక్షమార్గము కాదు. అంగడి లెక్క. దానిని ఒక జైన ఆచార్యుడు జినుని స్తుతితో మొదలుపెట్టి, దాపరికము లేకుండా, చదువగలవారందరికీ వ్రాసి పెట్టారు.

ఆ తరువాత రెండు మూడు వందల యేండ్లకు పావులూరి మల్లన ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చారు. సార సంగ్రహ గణితము అని దాని పేరు. మల్లన శివభక్తుడు. మూలములో జైన సంబంధమైన చోట్ల శైవ సంబంధమైనవి పెట్టుకొన్నారు. మన వారిలో కొందరు ఈ సంగతి తలచుకొని నొచ్చుకుంటారు. నాకు మాత్రము అందులో నొచ్చుకొనవలసినది కనబడదు. ఇచ్చిన తరువాత ఆ వస్తువు పుచ్చుకొన్నవానిది. మనము పెట్టిన అన్నము తిని అతడు ఏ దేవునికి దండము పెట్టుకొన్నాడని ఆహారదానములో అడుగుతున్నామా? మల్లన మూలము పేరును గ్రంథము పేరులోనే నిలిపినారు. ఆ మర్యాద చాలును. తెలుగువాడు తన మాటలో పసిడి వన్నె కట్టుట నేర్చుకొన్నాడు, దానికి విత్తు మన వారు వేశారు.

రెండవ దృష్టాంతము ఠక్కుర ఫేరూ. ఈయన శ్రీమాల కులమునకు చెందిన శ్రావకుడు, ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖిల్జీ కొలువులో వున్నవాడు. 1315లో రత్నముల మంచిచెడ్డలను గూర్చి రత్నపరీక్ష వ్రాశారు. ఢిల్లీ టంకసాలలో తాను కన్నది విన్నది పెట్టుకొని 1318లో ద్రవ్యపరీక్ష వ్రాశారు. వెండి బంగారములను శుద్ధి చేయుట, ఆయా రాజ్యముల నాణెములలో ఎంత వెండి, ఎంత రాగి, బరువెంత, మారకమెంత అన్నీ అందులో వున్నవి. పండితుల సంస్కృతములో గాక ప్రాకృతములో వ్రాశారు. సరాఫు బల్ల దగ్గర కూర్చునేవాడికి ఇంతకంటె పనికివచ్చే పుస్తకము ఆ కాలములో వుండునా?

అయితే ఒక మాట. ఫేరూ దానిని లోకము కొరకు వ్రాయలేదు, తన తమ్మునికీ కుమారునికీ వ్రాశారు. "చూశారా, ఆయన కూడా ఇంటివారికే చెప్పుకొన్నాడు" అని మన వ్యతిరేకులు అనవచ్చును. నిజమే. ఫలితమేమైనదో కూడా చూడవలెను. ఆరు వందల సంవత్సరములు ఆ పుస్తకము ఎవరికీ తెలియక పడివున్నది. 1946లో కలకత్తాలోని ఒక జైన గ్రంథాలయములో ఒక వ్రాతప్రతి దొరకినది. 1961లో జోధ్‌పూరు నుండి అచ్చు అయినది. ఈనాడు ఆ కాలపు నాణెములను గూర్చి వ్రాసే చరిత్రకారులకు అది పెద్ద ఆధారము, కాని ఆ నాణెములు చేత పుచ్చుకొని మోసపోయిన వేలాది చిన్న వర్తకులకు అది అందలేదు. ఆ ఒక్క ప్రతికి చెదలు పట్టివుంటే మనకు పేరు కూడా మిగిలేది కాదు. అందరికీ వ్రాసిన మహావీరాచార్యుల లెక్క తెలుగు పద్యమైనది. ఇంటికి వ్రాసిన ఫేరూ లెక్క బీరువాలో నిద్రపోయినది.

ఇక పోటీ సంగతి. వ్యతిరేకుల వాదములలో బరువైనది ఇదే. "నేర్పినవాడే ఎదురుగా అంగడి పెట్టును" అంటారు. పెడతాడు. నేను చూశాను. నేను హైస్కూలులో వున్న రోజులలో మా తండ్రిగారి దగ్గరకు ఒక పల్లెటూరి పిల్లవాడు పనికి వచ్చినాడు. ఊడ్చుట, నీళ్ళు పట్టుటతో మొదలుపెట్టి గీటురాయి దాకా వచ్చినాడు. మా తండ్రిగారు వానికి వన్నె తెలిసిన పుల్లల పక్కన సరకు గీటు గీసి పోల్చుట, ఆమ్లపు చుక్క వేసి ఏ గీటు నిలుచునో ఏది కరుగునో చూచుట, దీపపు వెలుతురులో గీటు రంగును నమ్మకుండుట, అన్నీ చెప్పినారు. పది యేండ్లకు వాడు ఆరు అంగళ్ళ అవతల తన బోర్డు కట్టినాడు. మా గిరాకీలో కొంత అటు పోయినది, తిరిగి రాలేదు. ధర్మము చేస్తే నష్టము రాదని చెప్పే కథలు చాలా వున్నవి గాని, ఆ సంవత్సరపు మా ఖాతాలో ఆ నష్టము అంకెలలో వున్నది. మా చిన్నాన్నగారు కోపము చేసినప్పుడు మా తండ్రిగారు అన్న మాట నాకు జ్ఞాపకము: "నేర్పకపోతే వాడు మన దగ్గరే ఉండేవాడు. వాడి పిల్లలు ఎక్కడ ఉండేవాళ్ళురా?"

అహింసాణువ్రతమునకు అతిచారములు చెప్పినచోట మొదట చెప్పినది బంధము, అనగా ప్రాణిని కట్టివేయుట. పశువు మెడకు త్రాడు వేయుట అని మనము అర్థము చెప్పుకుంటాము. పనివానికి సగము విద్య నేర్పి, మిగిలిన సగము దాచి, ఆ సగము లేని లోటుతో వానిని జీవితాంతము మన గడప దగ్గర నిలుపుకొనుట కూడా త్రాడు లేని బంధమే అని నా అల్పబుద్ధికి తోచుచున్నది. పండితులు కాదంటే సవరించుకొంటాను. కాని జవాబు చెప్పేముందు వారు ఒక వారము ఏ అంగడిలోనైనా గుమాస్తాగా కూర్చుని రావలెనని నా మనవి.

పోటీదారునికి నేర్పుటకన్న కష్టమైనది కొనేవానికి నేర్పుట. పుస్తకములో "గిరాకీ తెలుసుకొనవలసినవి" అని ఒక ప్రకరణము వుండవలెనని నేను అన్నప్పుడే సభలో గొంతులు హెచ్చినవి. ఏమున్నది అందులో? 22 కారట్లు అంటే 24లో 22 వంతులు, అందుకే 916 అని ముద్ర. 2021 జూన్‌లో 256 జిల్లాలతో హాల్‌మార్కు తప్పనిసరి అయినది. 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరముల గుర్తింపు సంఖ్య లేని నగ ఆ చట్టము వర్తించే చోట అమ్మరాదు. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో వేసి ఎవరైనా సరిచూసుకొనవచ్చును. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరము లేదు. ఆ తరువాత తరుగు లెక్క వచ్చినది. 20 గ్రాముల హారములో 3 గ్రాములు రాళ్ళు అయితే, నూటికి 12 తరుగును 17 గ్రాముల మీద కట్టవలెను గాని 20 మీద కాదు. తేడా 0.36 గ్రాము పసిడి. ఈ ముక్క పుస్తకములో వేయరాదని కొందరు. ఎందుకు వేయరాదు? రాళ్ళ మీద తరుగు కట్టని వానికి దీనివల్ల నష్టమేమి?

వడ్డీ సంగతి ఇంకా సున్నితమైనది. నూటికి రెండు రూపాయలు అంటే చెవికి ఎంతో చిన్నగా వినబడుతుంది. నెలకు రెండు గనుక సంవత్సరమునకు 24. పదివేలు తీసుకొన్నవాడు ఏడాదికి 2,400 కట్టవలెను. కట్టలేక అది అసలులో కలిస్తే రెండవ యేట వడ్డీ 2,976. రెండేండ్ల చివర అతడు ఇవ్వవలసినది 15,376. గిరవి వ్యాపారము వున్న ఇళ్ళు మనలో చాలా వున్నవి. ఈ నాలుగు పంక్తుల లెక్కను మన అంగడి గోడ మీద, పుచ్చుకొనేవానికి కనబడేటట్లు వ్రాసిపెట్టగలమా? వ్రాసిపెట్టిన తరువాత కూడా వాడు అప్పు తీసుకొంటే అది వ్యవహారము. వ్రాసిపెడితే తీసుకొనడనే భయము వుంటే, మనము దాచుచున్నది విద్య కాదు. అచౌర్య వ్రతమునకు చెప్పిన అతిచారములలో కొలతలు హెచ్చుతగ్గులు చేయుట వున్నది, మేలిదని చెప్పి నకిలీ అంటగట్టుట వున్నది. ఆ రెండూ నిలబడేది ఎదుటివాని అజ్ఞానము మీదనే గదా.

"పరీక్ష పద్ధతులు అందరికీ చెబితే కల్తీ చేసేవారికి దారి చూపినట్లు" అన్నారు మరొకరు. కల్తీ చేసేవాడు మన పుస్తకము కొరకు కాచుకొని లేడు. వానికి ఇదివరకే తెలుసును. తెలియనిది కొనేవానికే.

దాపరికము పరులనే కాదు, ఇంటివారిని కూడా కాల్చును. బట్టల అంగళ్ళలో కొనుగోలు ధరను చీటీ మీద గుప్తముగా వ్రాసే ఆచారము మీకందరికీ తెలిసినదే. పది అక్షరముల మాట ఒకటి ఎంచుకొని, ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క అంకె. 2021లో కోవిడు రెండవ విడతలో మా వీధిలో ఒక బట్టల వర్తకుడు పది రోజులలో పోయినారు. ఆ మాట భార్యకు తెలియదు. కుమారుడు చదువుకుంటున్నాడు. అంగడి నిండా సరకు, ప్రతి చీర మీద చీటీ, చీటీ మీద చదువరాని అక్షరములు. ఆ తల్లి మూడు నెలలు పండుగ బేరమంతా కొన్న ధరకన్న తక్కువకు అమ్ముకొన్నది. తరువాత మేము ఇద్దరు ముగ్గురము కూర్చుని, పాత కొనుగోలు బిల్లులూ చీటీలూ పక్కపక్కన పెట్టి, అక్షరము అక్షరముగా ఆ మాటను పట్టినాము. ఆ మాట ఆమె పేరుతోనే మొదలగునని తెలిసినప్పుడు ఆమె ఏమీ అనలేదు.

మారువాడీ ఇళ్ళలో ఒక హాస్యము చెప్పుకుంటారు. పాత మహాజనీ లిపిలో అచ్చుల గుర్తులు వ్రాసేవారు కారు. కాకా అజ్మీరు వెళ్ళినాడని వచ్చిన జాబును, కాకా ఈవేళ చనిపోయినాడని చదువుకొని ఇంటిల్లిపాది ఏడ్చినారట. పరులు చదువలేకుండా వ్రాసుకొన్న వ్రాతను చివరకు మన వారే చదువలేకపోవుట మనకు కొత్త కాదు.

అయితే సర్వమూ చెప్పవలెనని నా వాదము కాదు. ఎవరు ఏ నగ కుదువపెట్టినారు, ఎవరి కూతురి పెండ్లికి ఎంత అప్పు అయినది, ఇవి మనకు తెలిసినవే గాని మనవి కావు. నమ్మి చెప్పినవారివి. వీనిని దాచుట నిహ్నవము కాదు, ధర్మము. చీటీ మీది గుప్త మాటను కూడా వీధిలో చాటనక్కరలేదు, ఇంట్లో చెబితే చాలును. మూడవది ఒకటి వున్నది, దీనిని సంఘములో ఎవరూ ఎత్తలేదు. ఆచారిగారి చేతిలోని టంకపు పాళ్ళు, నగిషీ పనిలోని మెలకువ వారి సొత్తు. పెట్టుబడి మనది గనుక వారి విద్యను కూడా మన పుస్తకములో ఉచితముగా పంచుతామంటే, అది పరుల ధనముతో దానము చేయుట. మనకు సరకు వున్నది, అంగడి వున్నది, ఒక మెలకువ బయటపడినా బ్రతుకుతాము. వారికి ఆ చేయి తప్ప మరేమీ లేదు. వారు ఇష్టపడి చెబితే, తగిన సంభావన ఇచ్చి, వారి పేరు వేసి అచ్చు వేయవలెను. లేకపోతే ఆ పుట ఖాళీగా వుండనిండు.

చివరి ఆక్షేపణ, ఉచితమైనది చులకన అగునని. ఊరకే ఇస్తే ఫినాయిలైనా పుచ్చుకొనే లోకము అని మా మిత్రుడొకడు నవ్వించినాడు. ఇందులో కొంత నిజము వున్నది. దేశములో ఉచిత పాఠములకు కొదువ లేదు. ఐ.ఐ.టి.ల వారి ఎన్.పి.టి.ఇ.ఎల్. 2003లోనే మొదలైనది, కేంద్ర ప్రభుత్వపు స్వయం 2017లో వచ్చినది. అవి పెద్ద చదువులు. బల్ల దగ్గర పనికివచ్చే లెక్కను మన మాటలో చెప్పినవి నాకు చాలా కొద్దిగానే కనబడినవి. వినేవారు కూడా సగములో వదలివేస్తారు, రూపాయి పెట్టలేదు గనుక పోయినదేమీ లేదని.

దీనికి మందు ధర పెట్టుట కాదు. ధరసేనాచార్యుల వృత్తాంతము చూడండి. తనతో శ్రుతజ్ఞానము అంతరించిపోవునని గిరినగరములోని ఆ వృద్ధ ఆచార్యులు దక్షిణాపథపు ఆచార్యులకు జాబు పంపినారు. ఆంధ్ర విషయములోని వేణ్ణా తీరము నుండి ఇద్దరు సాధువులు వెళ్ళినారని ధవళా వ్యాఖ్య చెబుతున్నది. ఆయన వెంటనే పాఠము మొదలుపెట్టలేదు. ఒకరికి ఒక అక్షరము ఎక్కువైన మంత్రమును, ఒకరికి ఒక అక్షరము తక్కువైన మంత్రమును ఇచ్చి సాధించమన్నారు. ఇద్దరూ తప్పు తామే పట్టి దిద్దుకొన్నారు. తరువాతనే విద్య. పుష్పదంత భూతబలులు అయిన ఆ ఇద్దరూ షట్ఖండాగమము వ్రాసినారు. వెల లేదు గాని పరీక్ష వున్నది. మన పాఠములకు కూడా అట్లే వుండవలెను. పది లెక్కలు చేసి తెచ్చినవానికే పదకొండవ పాఠము.

అదే షట్ఖండాగమపు తాళపత్రములు తరువాత మూడబిదిరెలో శతాబ్దముల కొలది దర్శనమునకు మాత్రమే వుండినవి. వచ్చినవారు నమస్కరించి వెళ్ళేవారు, చదివినవారు లేరు. 19వ శతాబ్దపు చివరన నకలు వ్రాయుట మొదలై, 1939లో ధవళా మొదటి భాగము అచ్చులో వచ్చినది. అంతవరకు మనము పూజించినది ఆకులనే.

కార్తీక శుద్ధ పంచమిని శ్వేతాంబరులు జ్ఞాన పంచమి అంటారు, గ్రంథములకు పూజ చేస్తారు. ఆ రోజే గుజరాతు వర్తకులకు లాభ పంచమి, కొత్త ఖాతా తెరుస్తారు. రాబోయే ఆ పంచమికి పుస్తకము తేవలెనని సంఘములో కోరినవారము నలుగురము వున్నాము. అచ్చు ఖర్చుకు ఇద్దరు ముందుకు వచ్చినారు. బట్టల నాణ్యము మీద బరంపురము నుండి ఒక సాధర్మిక సోదరుడు పట్టు గురించి వ్రాసి పంపినారు, చాలా బాగున్నది, జరీ పరీక్ష ఇంకొంచెము విప్పి చెప్పమని తిరిగి వ్రాశాను. బంగారపు కలయిక, గీటు, హాల్‌మార్కు ప్రకరణములు నేను వ్రాసి పెట్టినాను, పద్నాలుగు పుటలు అయినవి. వడ్డీ లెక్క ప్రకరణము ఎవరు వ్రాస్తారో ఇంకా తేలలేదు.